భాగం–9: పింఛను నిబంధనల చరిత్ర – సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆధారంగా ఒక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు

– నిజాం కాలపు వజీఫా నుంచి నేటి వ్యక్తిగత పింఛను ఖాతా వరకు జరిగిన మార్పును దశలవారీగా వివరించగలుగుతారు.
– 1871, 1952, 1995, 2004, 2013 సంవత్సరాలకు పింఛను చరిత్రలో ఉన్న ప్రాధాన్యాన్ని చెప్పగలుగుతారు.
– చట్టం గీసే గీతలు, అంటే తేదీ, కార్మికుల సంఖ్య, రిజిస్టరు, ఒక మనిషి వృద్ధాప్యాన్ని ఎలా నిర్ణయిస్తాయో ఉదాహరణలతో విశ్లేషించగలుగుతారు.

9.1 పరిచయం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పూర్వపు నల్లగొండ జిల్లా పట్టణాలు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. కోదాడ ఆ జిల్లాలో చేరింది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉంది.

నెల మొదటి వారంలో ఈ మూడింటిలో ఏదో ఒక పట్టణంలో బ్యాంకు ముందో, పోస్టాఫీసు ముందో కాసేపు నిలబడి చూడండి. పాత నిబంధనల కింద పదవీ విరమణ చేసిన హైస్కూలు హెడ్మాస్టరు కనిపిస్తారు. సిమెంటు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేసిన ఫిట్టరు కనిపిస్తారు. రైసు మిల్లులో బస్తాలు మోసిన హమాలీ, ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టిన మహిళ కూడా కనిపిస్తారు. నలుగురూ ఓపిక ఉన్నంతకాలం పనిచేసినవారే. కాని హెడ్మాస్టరుకు వచ్చే పింఛను కరవు భత్యంతో పాటు పెరుగుతూ ఉంటుంది. ఫిట్టరుకు వచ్చేది చాలా చిన్న మొత్తం, అది ఏటా పెరగదు. మిగిలిన ఇద్దరికీ చేసిన పనికి ప్రతిఫలంగా వచ్చే పింఛను తరచు ఉండదు. ప్రభుత్వం సంక్షేమ పథకం కింద ఇచ్చే సొమ్మే ఆధారం.

ఈ తేడా ఎందుకు వచ్చింది? చదువులో, జీతంలో ఉన్న తేడా కొంతవరకే కారణం. ఎవరి పేరు ఏ రిజిస్టరులో ఏ తేదీన ఎక్కింది, అసలు ఎక్కిందా లేదా అన్నది అంతకంటె పెద్ద కారణం. ప్రతి పింఛను చట్టమూ ఒక గీత గీస్తుంది. గీతకు ఇవతల ఉన్నవారికి హక్కు, అవతల ఉన్నవారికి ఎదురుచూపు మిగులుతాయి. ఈ గీతలను ఎవరు, ఎప్పుడు, ఎందుకు గీశారో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

9.2 మొదటి దశ: దయగా పింఛను

1948 వరకు ఈ మూడు పట్టణాలు హైదరాబాద్ సంస్థానంలో ఉన్నాయి. 1853 నుంచి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ పరిపాలనను సంస్కరించాడు. అంతకుముందు శిస్తు వసూలు గుత్తేదార్ల చేతిలో ఉండేది. 1865 నాటి జిలాబందీతో సంస్థానాన్ని జిల్లాలుగా విభజించి, జీతం తీసుకునే అధికారులను నియమించారు. జీతం ఉన్న చోటే పదవీ విరమణ అనే భావన పుడుతుంది. విశ్రాంత ఉద్యోగికి ఇచ్చే భత్యాన్ని 'వజీఫా' అనేవారు. దీనికి పక్కనే 'మన్సబ్' అనే నగదు భత్యం ఉండేది. అది ప్రభువు అనుగ్రహం వల్ల కొన్ని కుటుంబాలకు తరతరాలుగా అందేది. సేవకు ప్రతిఫలం ఒకటి, వంశానికి గౌరవం మరొకటి. రెండూ ఒకే ఖజానా నుంచి వచ్చేవి, రెండింటికీ మూలం ప్రభువు దయే.

గ్రామంలో పరిస్థితి వేరు. పటేలు, పట్వారీ పదవులు వంశపారంపర్యంగా సంక్రమించేవి. తండ్రి ముసలివాడైతే కొడుకు ఆ పనికి వచ్చేవాడు. పదవే ఆ కుటుంబానికి వృద్ధాప్య భద్రత కాబట్టి వారికి పింఛనుతో పని లేదు. వెట్టి చేసేవారి స్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. వెట్టికి కూలి లేదు. కూలే లేని పనికి పింఛను అనే ఊహ కూడా ఉండదు. 1946–51 మధ్య సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాలు తెలంగాణ సాయుధ పోరాటానికి కేంద్రాలు కావడంలో వెట్టి ముఖ్య కారణమని మీరు ముందు పాఠాల్లో చదివారు. ఆ పోరాటాన్ని ఈ కోణం నుంచి కూడా చూడండి. శ్రమకు లెక్క ఉండాలన్నది దాని మూల డిమాండ్లలో ఒకటి. శ్రమకు లెక్క ఉంటేనే వృద్ధాప్యానికి లెక్క ఉంటుంది.

ఇక్కడ ఒక స్థానిక విశేషం గమనించదగింది. సూర్యాపేట నుంచి కోదాడకు వెళ్లే దారిలో మునగాల ఉంది. మునగాల పరగణా చుట్టూ నిజాం ప్రాంతం ఉన్నా, అది మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరవాతే నల్లగొండ జిల్లాలో కలిసింది. కాబట్టి ఒకే దారి మీద కొన్ని మైళ్ల తేడాతో రెండు ప్రభుత్వాల నిబంధనలు నడిచేవి. బ్రిటిష్ ఇండియాలో 1871 పింఛన్ల చట్టం అమలులో ఉండేది. దానిలో రెండు అంశాలను గుర్తుంచుకోండి. అప్పులవాళ్లు కోర్టుకు వెళ్లి పింఛను సొమ్మును జప్తు చేయించడానికి వీల్లేదు. ఇది రక్షణ. అయితే పింఛను ఇవ్వలేదని ప్రభుత్వం మీద సివిల్ కోర్టులో నేరుగా దావా వేయడానికీ వీల్లేదు. కలెక్టరు లేదా అధికారం ఉన్న మరో అధికారి ధ్రువపత్రం ఇస్తేనే కోర్టు విచారణ చేపడుతుంది. అంటే పింఛనుదారుకు షావుకారు నుంచి రక్షణ దొరికింది, సర్కారు నుంచి దొరకలేదు. సంస్థానంలోనూ, బ్రిటిష్ ఇండియాలోనూ పింఛను సారాంశంలో దయే.

9.3 రెండో దశ: హక్కుగా పింఛను

1950 రాజ్యాంగం ఈ భావనను క్రమంగా మార్చింది. 41వ అధికరణ వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం పొందే హక్కును ఆదేశిక సూత్రాల్లో చేర్చింది. 366వ అధికరణ పింఛనును విస్తృతంగా నిర్వచించింది. ఉద్యోగి వాటా చెల్లించినా చెల్లించకపోయినా అది పింఛనే అని పేర్కొంది. 1956లో హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతం ఆంధ్ర రాష్ట్రంతో కలిసినప్పుడు, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 115వ సెక్షన్ ఉద్యోగుల సర్వీసు నిబంధనలకు రక్షణ ఇచ్చింది. కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా వాటిని ఉద్యోగికి నష్టం కలిగేలా మార్చకూడదు. హైదరాబాద్ ప్రభుత్వంలో చేరిన సూర్యాపేట తాలూకా గుమాస్తా, కొత్త రాష్ట్రంలోకి తన పాత సర్వీసును వెంట తీసుకుని రాగలిగాడు.

ఈ దశలో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు కీలకమైనవి. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో పింఛను ప్రభుత్వం దయతో ఇచ్చే బహుమానం కాదనీ, ఉద్యోగి హక్కు అనీ కోర్టు ప్రకటించింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో మరో అడుగు ముందుకు వేసింది. ఆ కేసులో కేంద్రం పింఛను లెక్కించే పద్ధతిని మెరుగుపరిచి, ఒక నిర్ణీత తేదీ తరవాత రిటైరైనవారికే ఆ ప్రయోజనం ఇచ్చింది. ఒకే రకమైన పింఛనుదారులను తేదీ ఆధారంగా రెండుగా చీల్చడం సమానత్వ హక్కుకు విరుద్ధమని కోర్టు చెప్పింది. డిసెంబరు 17ను పింఛనుదారుల దినోత్సవంగా జరుపుకోవడానికి కారణం ఇదే. తేదీ అనే గీతను కోర్టు ప్రశ్నించిన ఈ సందర్భాన్ని గుర్తుంచుకోండి. 2004ను చర్చించేటప్పుడు దీనికి మళ్లీ వస్తాం.

ఆంధ్రప్రదేశ్‌లో 1980 నాటి సవరించిన పింఛను నిబంధనలు ఉపాధ్యాయులు, ఉద్యోగుల పింఛనుకు ఆధారమయ్యాయి. 33 ఏళ్ల అర్హ సేవ ఉన్నవారికి జీతంలో సగం మేరకు పింఛను, దానిపై కరవు భత్యం, మరణానంతరం కుటుంబ పింఛను లభించేవి. ఉద్యోగి జీతం నుంచి దీనికోసం ఏమీ కోసేవారు కాదు. బాధ్యత మొత్తం ప్రభుత్వానిదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. 1871 చట్టం పింఛనుదారుకు ఇచ్చిన రక్షణ ఏమిటి? విధించిన పరిమితి ఏమిటి?
2. నకారా కేసులో సుప్రీంకోర్టు దేన్ని తప్పు పట్టింది?

9.4 ఫ్యాక్టరీ కార్మికులు: 1952 చట్టం

ప్రభుత్వోద్యోగులు కానివారికి మొదటి పెద్ద చట్టం 1952 నాటి ఉద్యోగుల భవిష్యనిధి చట్టం. మనం వాడుకలో పీఎఫ్ అంటాం. మొదట ఇది ఆరు పరిశ్రమలకు వర్తించింది. అవి సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగ్ వస్తువులు, ఇనుము–ఉక్కు, కాగితం, వస్త్రాలు. ఆ పరిశ్రమల్లో కూడా 50 మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలకే వర్తించింది. కార్మికుడి వాటా జీతంలో 6.25 శాతం, అంటే ఆ రోజుల లెక్కలో రూపాయికి ఒక అణా. యజమాని కూడా అంతే చెల్లించాలి. 1960లో 50 అనే సంఖ్యను 20కి తగ్గించారు. తరవాతి కాలంలో మరెన్నో పరిశ్రమలను జాబితాలో చేర్చారు. 1982లో విద్యాసంస్థలు కూడా వచ్చాయి. మీలో ప్రైవేటు బడిలోనో కాలేజీలోనో పనిచేస్తున్నవారు ఈ సంవత్సరాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి.

పీఎఫ్ డబ్బును యజమాని దగ్గర ఉంచకుండా ప్రభుత్వ పర్యవేక్షణలోని నిధిలో ఎందుకు జమ చేయించారో ఆలోచించండి. ఇతర దేశాల అనుభవం దీనికి జవాబు ఇస్తుంది. అమెరికాలో 1963లో స్టూడిబేకర్ కార్ల కంపెనీ సౌత్‌బెండ్ ఫ్యాక్టరీని మూసివేసినప్పుడు, వేలాది కార్మికులు తమకు రావలసిన పింఛనును పూర్తిగానో పాక్షికంగానో కోల్పోయారు. కంపెనీ పింఛను నిధిలో చాలినంత సొమ్ము లేదు. ఆ చేదు అనుభవం 1974 నాటి చట్టానికి దారితీసింది. బ్రిటన్‌లో పత్రికాధిపతి రాబర్ట్ మాక్స్‌వెల్ 1991లో మరణించాక, ఆయన కంపెనీల పింఛను నిధుల సొమ్ము దారి మళ్లిందని బయటపడింది. 1995లో అక్కడ కొత్త పింఛను చట్టం వచ్చింది. ఆ దేశాల్లో నష్టం జరిగాక నియంత్రణ వచ్చింది. మన చట్టం యజమాని చేతికీ కార్మికుడి సొమ్ముకూ మధ్య మొదటే ఒక గోడ కట్టింది. కార్మికుడి జీతం నుంచి కోసిన వాటాను నిధిలో జమ చేయకపోవడం నేరపూరిత నమ్మకద్రోహం కిందికి వస్తుంది. అప్పులవాళ్లు పీఎఫ్ సొమ్మును జప్తు చేయకూడదు. ఈ చివరి అంశం 1871 చట్టం నుంచి వచ్చిన వారసత్వమని గుర్తించారా?

ఇక మన పట్టణాలకు వద్దాం. కృష్ణా నది దగ్గర సున్నపురాయి ఉండటం వల్ల మిర్యాలగూడ, కోదాడ, హుజూర్‌నగర్ పరిసరాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. సిమెంటు 1952 జాబితాలోనే ఉంది. ఫ్యాక్టరీ పెద్దది, కార్మికులు వందల్లో ఉంటారు. కాబట్టి అక్కడ రిజిస్టరులో పేరున్న కార్మికుడు చట్టం గీతకు ఇవతలే ఉన్నాడు.

రైసు మిల్లుల కథ వేరు. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదిలారు. మెట్టపంటల నేల వరి మాగాణి అయింది. వరి వెనకే మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ రైసు మిల్లులకు రాష్ట్రమంతటా పేరు వచ్చింది. రైసు మిల్లులు కూడా భవిష్యనిధి చట్టం జాబితాలో చేరాయి. కాని మిల్లులో పని తీరు సిమెంటు ఫ్యాక్టరీ లాంటిది కాదు. ఆపరేటరు, గుమాస్తా, డ్రైవరు నెల జీతం మీద ఉంటారు. ధాన్యం దించేవారు, ఆరబోసేవారు, బియ్యం బస్తాలు లారీకి ఎక్కించేవారు జట్టుగా వస్తారు. కూలి బస్తాకు ఇంత అని లెక్క. సీజనులో మిల్లు ఆవరణలో చాలామంది పనిచేస్తున్నా రిజిస్టరులో కొద్ది పేర్లే ఉండవచ్చు. అప్పుడు 20 అనే సంఖ్య దాటిందా లేదా అన్నది ఎవరిని లెక్కించారన్న దానిమీద ఆధారపడుతుంది.

చట్టానికి ఈ చిక్కు తెలియకపోలేదు. కాంట్రాక్టరు ద్వారా సంస్థ పని చేసేవారు కూడా ఉద్యోగులేనని 1952 చట్టం నిర్వచనంలోనే ఉంది. హమాలీల కోసం మహారాష్ట్ర 1969లో ప్రత్యేక చట్టం చేసింది. అక్కడి మండళ్లు యజమానుల నుంచి కూలితో పాటు అదనపు సుంకం వసూలు చేసి హమాలీలకు పీఎఫ్ వంటి సదుపాయాలు కల్పించాయి. ఆంధ్రప్రదేశ్ కూడా 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం చేసింది. అయితే మహారాష్ట్రలో మాదిరి బలమైన మండళ్లు ఇక్కడ వేళ్లూనలేదు. చట్టం ఉండటం వేరు, దాన్ని అమలు చేసే యంత్రాంగం ఉండటం వేరు. ఈ పాఠంలో మీరు నేర్చుకోవలసిన ముఖ్యాంశాల్లో ఇది ఒకటి.

9.5 పీఎఫ్ నుంచి పింఛనుకు: 1971, 1995

పీఎఫ్ ఒకేసారి చేతికి వచ్చే సొమ్ము. కూతురి పెళ్లికో ఇంటి కప్పుకో ఖర్చయిపోతే, తరవాతి ఏళ్లకు ఏమీ మిగలదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1971లో కుటుంబ పింఛను పథకం వచ్చింది. ఇది ప్రధానంగా సర్వీసులో ఉండగా మరణించిన కార్మికుడి కుటుంబం కోసం. బతికి రిటైరైన కార్మికుడికే నెలనెలా పింఛను ఇచ్చే ఉద్యోగుల పింఛను పథకం 1995 నవంబరు 16 నుంచి అమలులోకి వచ్చింది. యజమాని చెల్లించే వాటాలో 8.33 శాతం దీనికి మళ్లుతుంది. కేంద్ర ప్రభుత్వం 1.16 శాతం కలుపుతుంది.

పింఛను లెక్క సులభమే. పింఛనుకు పరిగణించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. 2014 సెప్టెంబరు 1 నుంచి పరిగణించే జీతం గరిష్ఠ పరిమితి రూ.15,000. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కార్మికుడి సగటు జీతం రూ.15,000, సర్వీసు 14 ఏళ్లు అనుకోండి. 15,000 ను 14తో గుణించి 70తో భాగిస్తే నెలకు రూ.3,000 వస్తుంది. అదే కార్మికుడి సర్వీసు 9 ఏళ్ల 4 నెలలే అయితే? నెలవారీ పింఛనుకు కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. కాబట్టి అతనికి పింఛను రాదు. కొంత సొమ్ము వాపసు తీసుకుని వెళ్లిపోవాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత ఖాతాను మూసేసి కొత్త ఖాతా తెరిచే కార్మికుడు, పాతికేళ్లు పనిచేసినా పదేళ్ల గీత దాటకపోవచ్చు.

కనీస పింఛను రూ.1,000గా 2014లో నిర్ణయించారు. దీనికి కరవు భత్యం లేదు. దీన్ని పెంచాలన్నది దేశమంతటా పింఛనుదారులు చాలా కాలంగా చేస్తున్న డిమాండు. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు, అర్హులైనవారు పరిమితికి మించిన అసలు జీతం మీద పింఛను ఎంచుకునే విషయమై తీర్పు ఇచ్చింది. అది ఎక్కువ జీతం ఉన్నవారికి ఉపయోగపడింది. కనీస పింఛను తీసుకునేవారి స్థితి దానివల్ల మారలేదు.

9.6 ఇంటి అరుగే పనిచోటు: బీడీ కార్మికులు

పనిచోటు ఇల్లే అయితే ఉద్యోగి ఎవరు, యజమాని ఎవరు? బీడీ పరిశ్రమ ఈ ప్రశ్నను కోర్టుల ముందుకు తెచ్చింది. తెలంగాణలోని అనేక పట్టణాల్లో లాగే సూర్యాపేటలోనూ మహిళలు ఇంట్లో బీడీలు చుట్టి జీవించారు. ఆకు, తంబాకు కంపెనీ మనిషి ఇస్తాడు. చుట్టిన బీడీలు తిరిగి అతనికే అప్పజెప్పాలి. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. 1977లో భవిష్యనిధి చట్టాన్ని బీడీ పరిశ్రమకు వర్తింపజేశారు. ఇంట్లో పనిచేసేవారు తమ ఉద్యోగులు కారని బీడీ యజమానులు వాదించారు. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. చుట్టిన బీడీలను పరిశీలించి, నాసిరకం వాటిని తిరస్కరించే అధికారం యజమానికి ఉన్నప్పుడు, అదుపు అతనిదే అవుతుంది. కాబట్టి ఇంట్లో పనిచేసే మహిళ కూడా ఉద్యోగే.

ఈ తీర్పు ఫలితం మూడు దశాబ్దాల తరవాత ఊహించని చోట కనిపించింది. తెలంగాణ ఏర్పడ్డాక 2014 నవంబరులో ఆసరా పింఛన్లు మొదలయ్యాయి. ఆ తరవాత బీడీ కార్మికులను కూడా చేర్చారు. అప్పుడు అర్హతకు ఆధారంగా తీసుకున్నది పీఎఫ్ సభ్యత్వాన్నే, అదీ 2014 ఫిబ్రవరి 28 నాటికి ఉన్నదాన్ని. పీఎఫ్‌లో పేరున్న మహిళకు సంక్షేమ పింఛను కూడా దొరికింది. పక్కింట్లో కూర్చుని అదే బీడీ చుట్టి, పీఎఫ్ లేని మహిళకు ఆ కోవలో అదీ దొరకలేదు. ఒక రిజిస్టరులో లేని పేరు మరో రిజిస్టరులోకీ రాలేకపోయింది.

9.7 మూడో దశ: ఖాతాగా పింఛను

1990ల చివర ప్రభుత్వాలు పింఛను భారం గురించి ఆందోళన చెందసాగాయి. ఆయుర్దాయం పెరుగుతోంది. పింఛనుకు విడిగా నిధి లేదు, ఏ ఏటి ఖర్చు ఆ ఏటి బడ్జెట్ నుంచే వెళ్లాలి. ఈ వాదనలో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. అదే కాలంలో, 2000లో, ఎస్.ఎ. దవే అధ్యక్షతన ఏర్పడిన ఓయసిస్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక ప్రధానంగా ఏ పింఛనూ లేని అసంఘటిత కార్మికుల వృద్ధాప్యం గురించి ఆలోచించింది. ప్రతి ఒక్కరికీ సొంత ఖాతా ఉండాలని సూచించింది. ఆ నమూనా మొదట అమలైంది మాత్రం అప్పటికే పింఛను ఉన్న ప్రభుత్వోద్యోగం మీద. 2004 జనవరి 1 నుంచి కేంద్ర ఉద్యోగాల్లో, సాయుధ దళాలు మినహా, కొత్తగా చేరినవారికి జాతీయ పింఛను విధానం వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 సెప్టెంబరు 22న 653వ నంబరు ఉత్తర్వు ద్వారా అదే దారి పట్టింది. 2004 సెప్టెంబరు 1, ఆ తరవాత నియమితులైనవారికి కంట్రిబ్యూటరీ పింఛను పథకం, వాడుకలో సీపీఎస్, వర్తిస్తుంది. ఉద్యోగి మూలవేతనం, కరవు భత్యంలో 10 శాతం చెల్లిస్తే ప్రభుత్వం అంతే జమ చేస్తుంది. ఆ సొమ్ము మార్కెట్‌లో పెట్టుబడిగా వెళ్తుంది. రిటైరైనప్పుడు కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. నెలకు ఎంత వస్తుందో ఆనాటి మార్కెట్, ఆనాటి యాన్యుటీ రేటు నిర్ణయిస్తాయి. పాత పద్ధతిలో ఎంత ఇవ్వాలో ముందే తెలుసు, ఎంత ఖర్చవుతుందో తెలియదు. కొత్త పద్ధతిలో ఎంత కట్టాలో ముందే తెలుసు, ఎంత వస్తుందో తెలియదు. అంటే అనిశ్చితి తొలగిపోలేదు, ప్రభుత్వం భుజం మీద నుంచి ఉద్యోగి భుజం మీదికి మారింది.

2003 నాటి డీఎస్సీ ప్రకటన ద్వారా ఎంపికైన టీచర్ల సంగతి ఈ సందర్భంలో చెప్పుకోవాలి. ప్రకటన వెలువడిన నాటికి పాత పింఛను ఉంది. నియామకపత్రం చేతికి వచ్చేసరికి తేదీ గీత దాటిపోయింది. మన మూడు పట్టణాల చుట్టుపక్కల బడుల్లోనూ వారు పనిచేస్తున్నారు. ఉద్యోగ ప్రకటన తేదీని లెక్కలోకి తీసుకోవాలని వారి వాదన. కేంద్రం 2023 మార్చిలో, 2003 డిసెంబరు 22కు ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరిన తన ఉద్యోగులకు పాత పింఛను ఎంచుకునే అవకాశం ఇచ్చింది. నకారా తీర్పు ఒకే వర్గం పింఛనుదారులను తేదీతో చీల్చవద్దంది. కొత్తగా చేరేవారికి కొత్త పథకం పెట్టవద్దని చెప్పలేదు. వివాదమంతా ఈ సన్నని తేడా దగ్గరే ఉంది.

ఈ పాఠం రాస్తున్న నేను పాత నిబంధనల కింద పింఛను తీసుకుంటున్నవాణ్ని. నా తరవాత కొద్ది ఏళ్లకు అదే శాఖలో, అదే తరగతి గదిలో పాఠం చెప్పడానికి వచ్చిన సహోద్యోగులకు ఆ భద్రత లేదు. ఈ తేడాలో నా గొప్ప ఏమీ లేదు, నేను పుట్టిన సంవత్సరానిదే ఆ ఘనత. చరిత్ర చదివేటప్పుడు రాసినవారు ఎక్కడ నిలబడి రాస్తున్నారో గమనించాలి కాబట్టి ఈ మాట మీకు చెబుతున్నాను.

2013లో పార్లమెంటు పింఛను నిధి నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టాన్ని ఆమోదించింది. అప్పటిదాకా కార్యనిర్వాహక ఉత్తర్వు మీద నడిచిన నియంత్రణ సంస్థకు చట్టబద్ధత వచ్చింది. తరవాత రాజకీయ ఒత్తిడి కారణంగా గీతలు మళ్లీ కదిలాయి. రాజస్థాన్ 2022లో పాత పింఛనును పునరుద్ధరించింది. ఆంధ్రప్రదేశ్ 2023లో హామీ పింఛను చట్టం చేసింది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పింఛను పథకం తెచ్చింది. దీన్ని ఎంచుకున్నవారికి 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం హామీగా లభిస్తుంది. గీత చెరగనిది కాదని ఇవి చూపుతున్నాయి.

9.8 ఎవరికి వారు దాచుకునే పింఛను

ఉద్యోగం లేనివారి సంగతేమిటి? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2009లో స్వయం సహాయక సంఘాల మహిళల కోసం అభయహస్తం పథకాన్ని ప్రత్యేక చట్టంతో ప్రారంభించింది. సభ్యురాలు రోజుకు ఒక రూపాయి చెల్లిస్తే ప్రభుత్వం ఒక రూపాయి కలుపుతుంది. 60 ఏళ్లు నిండాక నెలకు కనీసం రూ.500 పింఛను. కూలికి వెళ్లే మహిళను కూడా వాటా చెల్లించే పింఛను సభ్యురాలిగా గుర్తించిన ప్రయోగం ఇది. తెలంగాణ ఏర్పడ్డాక ఆసరా పింఛన్లు ముందుకు వచ్చాయి, అభయహస్తం కొనసాగలేదు. కట్టిన రూపాయలు తిరిగి ఎప్పుడు వస్తాయన్న ప్రశ్న సంఘాల సమావేశాల్లో ఏళ్ల తరబడి వినిపించింది. ప్రత్యేక చట్టం ఉన్న పథకం కూడా ప్రభుత్వ ప్రాధాన్యం మారితే ఆగిపోగలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

కేంద్రం 2009 మే 1 నుంచి జాతీయ పింఛను విధానాన్ని పౌరులందరికీ తెరిచింది. 2010లో స్వావలంబన్, 2015లో దాని స్థానంలో అటల్ పింఛను యోజన వచ్చాయి. అటల్ యోజనలో 18–40 ఏళ్లవారు చేరవచ్చు. 60 తరవాత నెలకు రూ.1,000 నుంచి రూ.5,000 వరకు, ఎంచుకున్న మేరకు, హామీ ఉంది. 2019లో వచ్చిన ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్‌లో వయసును బట్టి నెలకు రూ.55 నుంచి రూ.200 కడితే 60 తరవాత రూ.3,000 వస్తుంది. నెల ఆదాయం రూ.15,000 మించని అసంఘటిత కార్మికులకే ఇది.

రెండింటిలోనూ 40 ఏళ్ల గీత ఉంది. బస్తాలు మోసి నడుం వంగిన హమాలీకి వృద్ధాప్యం గురించి ఆలోచన వచ్చేది సాధారణంగా నలభై దాటాకే. సీజను లేని నెలల్లో వాటా కట్టడం కష్టం. ఈరోజు రూ.3,000 అంటే పెద్దగా తోచినా, ఇరవై, ముప్పై ఏళ్ల తరవాత దానితో ఎన్ని కిలోల బియ్యం వస్తాయో చెప్పలేం. 2020 సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికులను తొలిసారి చట్టంలోకి తెచ్చింది. భవిష్యనిధికి 20 మంది అనే గీత మాత్రం అందులోనూ నిలిచింది.

9.9 సారాంశం

ఈ పాఠంలో మూడు దశలు చూశాం. సంస్థాన కాలంలో పింఛను దయ. రాజ్యాంగం, న్యాయస్థానాలు దాన్ని హక్కుగా మార్చాయి. 2004 తరవాత అది ఎక్కువగా వ్యక్తిగత ఖాతా అయింది. ఒక దశ వచ్చినంత మాత్రాన ముందు దశ పోలేదు. మన పట్టణాల్లో ఈ మూడూ నేడు పక్కపక్కనే ఉన్నాయి. హెడ్మాస్టరుది హక్కు, సీపీఎస్ టీచరుది ఖాతా. హమాలీకి, బీడీ కార్మికురాలికి వచ్చే సంక్షేమ పింఛనుకు చెమటతో ఉన్న సంబంధాన్ని ఏ కాగితమూ గుర్తించలేదు కాబట్టి, అది ఇప్పటికీ దయ రూపంలోనే అందుతోంది.

మీలో చాలామంది పనిచేస్తూ చదువుకుంటున్నారు. పరీక్ష కోసం చదివిన ఈ విషయం మీ ఇంటికీ పనికి రావాలి. మీ జీతం నుంచి పీఎఫ్ కోస్తుంటే, సార్వత్రిక ఖాతా సంఖ్యతో పాస్‌బుక్కు తెరిచి ప్రతి నెలా జమ అవుతోందో లేదో చూడండి. ఉద్యోగం మారితే పాత ఖాతాను మూయకుండా కొత్తదానికి బదిలీ చేయించండి. పేరు, పుట్టిన తేదీ అన్ని పత్రాల్లో ఒకేలా ఉన్నాయో సరిచూసుకోండి.

అభ్యాసం

మీ వీధిలో 60 ఏళ్లు దాటిన ముగ్గురితో మాట్లాడండి. వారు చేసిన పని, పనిచేసిన కాలం, వారి పేరు నమోదైన రిజిస్టరు, ఇప్పుడు అందుతున్న పింఛను అనే నాలుగు గడులతో పట్టిక తయారు చేయండి. మూడో గడి ఖాళీగా ఉన్నవారి విషయంలో నాలుగో గడి ఎలా ఉందో పరిశీలించి పది వాక్యాలు రాయండి. వారి పేర్లు రాయవద్దు.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పింఛను దయ నుంచి హక్కుగా మారిన క్రమాన్ని వివరించండి.
2. ఉద్యోగుల భవిష్యనిధి చట్టం సిమెంటు కార్మికులకు, రైసు మిల్లు హమాలీలకు వేరువేరుగా అందడానికి కారణాలను విశ్లేషించండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బీడీ కార్మికుల విషయంలో 1985 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రాధాన్యం ఏమిటి?
2. పాత పింఛను, సీపీఎస్‌లలో అనిశ్చితి ఎవరి మీద పడుతుంది?
3. అభయహస్తం పథకం అనుభవం నుంచి ఏమి గ్రహించవచ్చు?